పాఠం అప్పజెప్పడం

(మన పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉత్సవాలకు రమ్మని పిలుస్తూ ప్రధానోపాధ్యాయులు నాకొక నిబంధన పెట్టారు. "నీవు ఏ విషయంలో డాక్టరేటు తీసుకొన్నావో మా అందరికీ అర్థమయ్యే తెలుగులో చెప్పాలి" అన్నారు. న్యాయమైన నిబంధనే. నేను పరిశోధన చేసిన దేశం అమెరికా, సిద్ధాంత వ్యాసం వ్రాసిన భాష ఇంగ్లీషు. కాని పరిశోధించిన విషయం మాత్రం ఈ పాఠశాలలో ప్రతిదినమూ జరిగేదే. మనిషి ఒక మాటను ఎట్లా గుర్తు పెట్టుకొంటాడు? గుర్తు పెట్టుకొన్నదానిని కావలసినప్పుడు ఎట్లా తెచ్చుకొంటాడు? మెదడులో పుట్టే విద్యుత్ సంకేతాలను నమోదు చేసి, కొన్ని చోట్ల అతిస్వల్పమైన విద్యుత్తును పంపి చూసి, ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెదకడమే నేను ఆరేళ్ళు చేసిన పని.

ఐదవ తరగతిలో మా తెలుగు అయ్యవారు పాఠం చెప్పిన మరునాడు దానిని అప్పజెప్పించుకొనేవారు. పుస్తకం మూసి, చేతులు కట్టుకొని, బల్ల పక్కన నిలబడి చెప్పాలి. తడబడితే కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. "కూర్చో. రేపు మళ్ళీ" అనేవారు. ఆ 'రేపు మళ్ళీ' అన్న మాటకు మేము బెత్తానికంటె ఎక్కువ భయపడేవాళ్ళం. పాఠం వచ్చిందో లేదో తెలుసుకోవడానికే అయ్యవారు అట్లా అడుగుతున్నారని అప్పట్లో అనుకొన్నాను. అది పరీక్ష మాత్రమే కాదనీ, అసలు చదువంతా అందులోనే ఉన్నదనీ తెలుసుకోవడానికి నాకు సముద్రాలు దాటవలసి వచ్చింది.

ఈ విషయం మాట్లాడడానికి ఇంకొక కారణం కూడ ఉన్నది. మా నాన్నగారు ఈ పాఠశాల తొలినాళ్ళ విద్యార్థులలో ఒకరు. ఆయన ఈ సభకు రాలేదు. నాలుగేళ్ళుగా ఆయన జ్ఞాపకశక్తి సన్నగిల్లుతూ వస్తున్నది. వైద్యులు అల్జీమర్స్ వ్యాధి అన్నారు. ఉదయం తిన్న ఇడ్లీ పదకొండు గంటలకు గుర్తుండదు. మొన్న నేను వచ్చిన రాత్రి మా అమ్మ నన్ను పక్కకు పిలిచి, "అమ్మాయీ, ఇన్నేళ్ళు జ్ఞాపకశక్తి మీదనే చదివితివే, మీ నాన్నకు పొద్దున తిన్నదైనా గుర్తుండేటట్లు చేయలేవా?" అని అడిగింది. నా సిద్ధాంత వ్యాసాన్ని పరీక్షించిన ఆచార్యులెవరూ ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు. ఈ ప్రసంగం ఒక విధంగా మా అమ్మకు చెప్పే సమాధానం.

జ్ఞాపకాన్ని కొలవవచ్చునని మొదట నిరూపించినవాడు జర్మనీ దేశస్థుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. ఆయనకు ప్రయోగశాల లేదు, ప్రయోగానికి వేరే మనుషులు లేరు. తనమీదనే తాను ప్రయోగం చేసుకొన్నాడు. అర్థంలేని అక్షరసముదాయాలను సుమారు 2,300 తయారుచేసుకొని, వాటిని వరుసలుగా వల్లెవేసి, కొంతకాలం తరువాత మళ్ళీ నేర్చుకొనడానికి ఎంత శ్రమ మిగిలిందో లెక్కకట్టాడు. 1885లో ప్రకటించిన గ్రంథంలో ఆయన చెప్పిన లెక్క ఇది: ఒక గంట గడిచేసరికి మొదటి శ్రమలో 44 శాతం మాత్రమే మిగులుతుంది, ఒక రోజుకు 34 శాతం, నెల రోజులకు 21 శాతం. అంటే మరుపు మొదటి గంటలోనే దొంగలా వచ్చి పెద్ద మూటను ఎత్తుకొనిపోతుంది, తరువాత నెమ్మదిస్తుంది. ఆయన చెప్పిన మరొక సంగతి ఉపాధ్యాయులకు ముఖ్యమైనది. అర్థమున్న పద్యాన్ని నేర్చుకొనడానికి, అర్థంలేని అక్షరాలకు పట్టే శ్రమలో పదవవంతు మాత్రమే పట్టిందట.

జ్ఞాపకం మెదడులో ఎక్కడ తయారవుతుంది అన్న ప్రశ్నకు సమాధానం ఒక మనిషి దురదృష్టం నుండి లభించింది. హెన్రీ మొలైసన్ అనే అమెరికా యువకుడు తీవ్రమైన మూర్ఛవ్యాధితో బాధపడేవాడు. 1953లో, అతనికి 27 ఏళ్ళ వయసులో, విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు మూర్ఛలను తగ్గించే ఉద్దేశంతో అతని మెదడులో రెండు వైపులా కణతల లోపలి భాగాన్ని, అందులోని హిపోకాంపస్ అనే అవయవంలో చాలా భాగాన్ని తొలగించాడు. మూర్ఛలు తగ్గాయి. కాని ఆనాటి నుండి అతనికి కొత్త జ్ఞాపకాలు నిలవలేదు. ఇప్పుడే మాట్లాడి వెళ్ళిన మనిషి తిరిగి వస్తే కొత్తవారిని పలకరించినట్లు పలకరించేవాడు. బాల్యం మాత్రం గుర్తున్నది.

బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనిని ఏళ్ళ తరబడి పరిశీలించారు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య మరొక గీత గీయమని మూడు రోజులు ఇచ్చారు. రోజు రోజుకూ అతని చేయి కుదిరింది, తప్పులు తగ్గాయి. కాని ఆ పని తాను ఇంతకుముందు చేసినట్లు అతనికి గుర్తు లేదు. దీనినిబట్టి జ్ఞాపకం ఒక్కటి కాదని తేలింది. చేతికి వచ్చిన పనిది ఒక దారి, నిన్న జరిగిన సంగతిది మరొక దారి. 2008లో అతను మరణించేవరకు శాస్త్రగ్రంథాలలో అతని పేరు రెండు పొడి అక్షరాలు మాత్రమే. తన పేరు లోకానికి తెలియకుండానే ఇంత విద్యను దానం చేసినవాడు అతను.

ఇక విద్యుత్తు సంగతి. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే భాషలో విద్యుత్తు ఒక ముఖ్యమైన భాగం. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి తల నుండి ఆ విద్యుత్ తరంగాలను నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. అదే నేడు ఆసుపత్రులలో మనకు తెలిసిన ఇ.ఇ.జి. అయితే తలపై నుండి వినడం, కల్యాణమండపం బయట నిలబడి లోపలి మాటలు వినడం వంటిది. గోల తెలుస్తుంది కాని ఎవరు ఏమన్నారో తెలియదు. లోపలికి వెళ్ళి వినాలి.

లోపలికి వెళ్ళినవారిలో ప్రముఖుడు కెనడాలోని మాంట్రియాల్ నగరానికి చెందిన వైల్డర్ పెన్‌ఫీల్డ్. మెదడుకు నొప్పి తెలియదు. అందుచేత ఆయన రోగి మెలకువతో ఉండగానే, చర్మానికి మాత్రం మత్తు ఇచ్చి, మెదడు ఉపరితలాన్ని సన్నని విద్యుత్తుతో తాకి, ఏ భాగాన్ని తీసివేస్తే మాట పోతుందో, చేయి పడిపోతుందో ముందుగా తెలుసుకొనేవాడు. అట్లా కణతల భాగాన్ని తాకినప్పుడు కొందరు రోగులు ఎప్పుడో విన్న పాట వినిపిస్తున్నదన్నారు, పరిచయమైన గొంతులు వినిపిస్తున్నాయన్నారు. మనిషి అనుభవించినదంతా మెదడులో టేపురికార్డరులో వలె పదిలంగా ఉన్నదని పెన్‌ఫీల్డ్ భావించాడు. కాని ఆయన లెక్కలే వేరొక సంగతి చెప్పాయి. 1963లో ప్రకటించిన వివరాల ప్రకారం కణతల భాగాన్ని పరీక్షించిన 520 మందిలో 40 మందికే అటువంటి అనుభవం కలిగింది. అందులోనూ ఎంత భాగం నిజమైన జ్ఞాపకమో, ఎంత భాగం కల వంటిదో తేల్చడం సాధ్యం కాలేదు. జ్ఞాపకం టేపు కాదనీ, పిలిచిన ప్రతిసారీ మళ్ళీ అల్లుకొనే అల్లిక అనీ నేటి శాస్త్రం అంటున్నది.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ఒక విషయం చెప్పాలి. పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొందిన జేకబ్ చాండీ అనే వైద్యుడు 1949లో మన వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో నాడీశస్త్ర విభాగాన్ని ఆరంభించారు. మూర్ఛవ్యాధికి మెదడు శస్త్రచికిత్స మనదేశంలో 1952లో అక్కడే మొదలైంది. మన పాఠశాల పుట్టిన కాలానికే, ఇక్కడికి బస్సులో వెళ్ళిరాగల దూరంలో, మాంట్రియాల్ విద్య వచ్చి చేరిందన్నమాట. నేను అమెరికా వెళ్ళిన తరువాత గాని ఈ సంగతి తెలుసుకోలేదు.

ఇప్పుడు నా పని గురించి. ఆరోగ్యవంతుల మెదడులో పరిశోధన కోసం ఎవరూ తీగలు పెట్టరు, పెట్టకూడదు. మందులకు లొంగని మూర్ఛవ్యాధి ఉన్నవారిలో కొందరికి, మూర్ఛ మెదడులో ఎక్కడ మొదలవుతున్నదో కనుగొనడానికి వైద్యులు సన్నని ఎలక్ట్రోడులను లోపల అమర్చుతారు. అవి ఎక్కడ ఉండాలో నిర్ణయించేది రోగి చికిత్స మాత్రమే. మా పరిశోధన కాదు. తరువాత రోగి ఒకటి రెండు వారాలు ఆసుపత్రి మంచంమీద, మందు తగ్గించుకొని, మూర్ఛ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ ఉంటాడు. విచిత్రమైన నిరీక్షణ అది. ఇన్నాళ్ళూ రావద్దని మొక్కుకొన్నదానిని రమ్మని ఎదురుచూడడం! ఆ ఖాళీ సమయంలో, రోగి ఇష్టపడి సంతకం చేస్తే, మావంటివారు కంప్యూటరు తీసుకొని పక్కన కూర్చొంటారు.

పరీక్ష సులభమైనదే. తెరమీద పన్నెండు మాటలు ఒకదాని తరువాత ఒకటి కనబడతాయి. 'గుర్రం', 'కిటికీ', 'ఉప్పు' వంటి మామూలు మాటలు. తరువాత మనసులో వాటిని వల్లెవేసుకొనడానికి వీలులేకుండా కొన్ని చిన్న కూడికలు చేయిస్తాము. ఆ తరువాత అర నిమిషంలో గుర్తున్న మాటలను ఏ వరుసలోనైనా చెప్పమంటాము. ఈ పద్ధతిని మొదట చూసినప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఇది అష్టావధానమే కదా! అవధాని పద్యపాదాలను మనసులో నిలుపుకొంటూ ఉండగా అప్రస్తుత ప్రసంగి పక్క నుండి ఏవో మాటలతో దృష్టి మళ్ళిస్తాడు. చివరకు ధారణలో అవధాని అన్ని పద్యాలనూ అప్పజెప్పాలి. మా కూడికలు ఆ అప్రస్తుత ప్రసంగి చేసే పనే చేస్తాయి. మనవారు సభారంజనం కోసం చేసినదానిని వారు ప్రయోగశాలలో కొలతకోసం చేస్తున్నారు.

రోగి మాటలు చదువుతున్నంతసేపు యంత్రం అతని మెదడు సంకేతాలను సెకనుకు వేయిసార్లో అంతకు మించియో నమోదు చేస్తుంది. తరువాత గుర్తుకు వచ్చిన మాటలను ఒకవైపు, రాని మాటలను మరొకవైపు పెట్టి, ఆ రెండింటినీ చూసిన క్షణాలలో మెదడు ఎట్లా ఉన్నదో పోల్చి చూస్తాము. 2003లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించిన ఫలితం ఈ రంగానికి పునాది రాళ్ళలో ఒకటి. సెకనుకు 4 నుండి 8 సార్లు ఊగే థీటా లయ, 30 సార్లకు మించి ఊగే గామా లయ కొన్ని చోట్ల పెరిగినప్పుడు చూసిన మాట, తరువాత గుర్తుకు వచ్చే అవకాశం ఎక్కువ. అంటే, మాట గుర్తుంటుందా లేదా అన్నదానికి కొంత సూచన, దానిని చూస్తున్న క్షణంలోనే మెదడులో కనబడుతుంది.

రెండవ పెద్ద ఫలితం 2008లో లాస్ ఏంజలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి వచ్చింది. అక్కడ 13 మంది రోగులకు కొన్ని సెకన్ల నిడివిగల వీడియో తునకలు చూపించి, ఒక్కొక్క నాడీకణం ఏ తునకకు స్పందిస్తున్నదో గుర్తించారు. తరువాత తెర ఆపి, "మీరు చూసినవాటిలో ఏవి గుర్తున్నాయో చెప్పండి" అన్నారు. ఏ తునకను చూసినప్పుడు ఏ కణం పలికిందో, ఆ తునక గుర్తుకు వచ్చినప్పుడు అదే కణం మళ్ళీ పలికింది. అదీ, రోగి నోరు తెరచి చెప్పడానికి ముందే! నేను ఈ వ్యాసం చదివిన రోజు ఐదవ తరగతి బల్ల గుర్తుకు వచ్చింది. పాఠం అప్పజెప్పడం అంటే, చూసినప్పుడు పలికిన కణాలను, పుస్తకం లేకుండా, మళ్ళీ పలికించడం.

వినడం అయింది. ఇక మెదడుకు మనమే ఒక మాట చెబితే? విద్యుత్ ప్రేరణతో జ్ఞాపకశక్తిని పెంచవచ్చునా? ఈ ప్రశ్న వినగానే తల్లిదండ్రుల కన్నులు మెరవడం ఇక్కడినుండే చూస్తున్నాను. దయచేసి పూర్తిగా వినండి.

2012లో అదే లాస్ ఏంజలిస్ బృందం ఏడుగురు రోగులతో చేసిన ప్రయోగంలో, హిపోకాంపస్‌కు వాకిలి వంటి ఎంటోరైనల్ అనే భాగానికి నేర్చుకొనే సమయంలో ప్రేరణ ఇస్తే, కంప్యూటరు బొమ్మల నగరంలో దారులు మరింత బాగా గుర్తున్నాయని కనుగొన్నారు. లోకమంతా సంతోషించింది. 2016లో వేరొక పెద్ద బృందం 49 మందిని పరీక్షించి, హిపోకాంపస్‌కూ ఆ వాకిలికీ నేరుగా ప్రేరణ ఇస్తే జ్ఞాపకం తగ్గిందని చెప్పింది. అదే చోటు, అదే విద్యుత్తు, ఫలితం తలక్రిందులు! 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ కహానా బృందం ఒక కొత్త మార్గం చూపింది. వారు ప్రేరణను ఎప్పుడుపడితే అప్పుడు ఇవ్వలేదు. రోగి మెదడు తరంగాలను కంప్యూటరు గమనిస్తూ, 'ఇప్పుడు ఈ మాట నిలిచేటట్లు లేదు' అని తోచిన క్షణంలో మాత్రమే, కణత భాగపు వెలుపలి వైపు స్వల్పంగా ప్రేరణ ఇచ్చారు. 25 మందిలో ఈ పద్ధతివల్ల గుర్తుకు వచ్చిన మాటలు సుమారు 15 శాతం పెరిగాయి. పిల్లవాడు శ్రద్ధగా వింటున్నప్పుడు భుజం తట్టితే వాడి ధ్యాస చెదురుతుంది; కునుకుతున్నప్పుడు తట్టితే మేలుకొంటాడు. తట్టడం ఒక్కటే, వేళ వేరు.

నా సొంత పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. రెండవ సంవత్సరంలో నేను పరీక్షించిన మొదటి ఇద్దరిలో, ప్రేరణ ఇచ్చిన జాబితాలు ఇవ్వనివాటికంటె బాగా గుర్తున్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి మా ఆచార్యులకు నాలుగు పుటల ఉత్తరం వ్రాశాను. ఇంటికి ఫోను చేసి నాన్నగారికి కూడ చెప్పాను. ఆచార్యులు ఉత్తరం చదివి ఒక్క ప్రశ్న అడిగారు: "ప్రేరణ ఇచ్చిన జాబితాలు ఏ వేళ చేశావు, ఇవ్వనివి ఏ వేళ చేశావు?" చూసుకొంటే, సౌకర్యం కోసం ప్రేరణ జాబితాలన్నీ ఉదయం పెట్టుకొన్నాను, మిగిలినవి సాయంత్రం. సాయంత్రానికి రోగులు అలసిపోయి ఉన్నారు. నేను కొలిచింది విద్యుత్తును కాదు, అలసటను. రెండింటినీ కలగలిపి మళ్ళీ మొదటినుండి చేస్తే ఆ 'విజయం' మాయమైంది. ఎనిమిది నెలల పని పోయింది. "కూర్చో. రేపు మళ్ళీ" అన్న అయ్యవారి గొంతు సముద్రం ఇవతలి నుండి వినిపించింది.

ఆ పనిలో నన్ను మార్చిన సంఘటన మాత్రం అది కాదు. ఒకనాడు తలకు కట్టుతో ఉన్న ఒక రోగి, సంతకం చేయడానికి కలం చేతిలోకి తీసుకొని, "దీనివల్ల నా జ్ఞాపకశక్తి బాగుపడుతుందా?" అని అడిగారు. కాగితంలో అంతా వ్రాసి ఉన్నది. అయినా ఆయన కాగితాన్ని కాదు, నన్ను అడిగారు. "లేదు. మీకు మేలేమీ జరగదు. ఎప్పుడో, ఎవరికో ఉపయోగపడవచ్చు. అది కూడ నిశ్చయంగా చెప్పలేను" అన్నాను. ఆయన కొంచెంసేపు కిటికీవైపు చూసి, సంతకం చేసి, "సరే, మీ మాటలు చూపించండి" అన్నారు. ఆ రోజు ఆయనకు పన్నెండింటిలో నాలుగు మాటలు గుర్తున్నాయి. ఆ నాలుగు మాటలకు నేను ఋణపడి ఉన్నాను. ఈ రంగంలో తెలిసినదంతా ఇటువంటి దాతలు పెట్టిన భిక్ష. వారి పేర్లు ఏ గ్రంథంలోనూ ఉండవు, ఉండకూడదు. ఆశను ఎరగా చూపి సంతకం తీసుకొన్న విద్య విద్య కాదు.

ఇక మా అమ్మ ప్రశ్న. అల్జీమర్స్ వ్యాధిలో మొదట దెబ్బతినే భాగాలలో హిపోకాంపస్, దాని వాకిలి ముఖ్యమైనవి. అందుకే కొత్త సంగతులు నిలవవు. పాతవి చాలాకాలం ఉంటాయి. హిపోకాంపస్ నుండి బయలుదేరే ఫార్నిక్స్ అనే తీగల కట్టకు ప్రేరణ ఇచ్చి ఈ వ్యాధిని నెమ్మదింపజేయవచ్చునా అని కెనడా, అమెరికా వైద్యులు 42 మందితో పరీక్షించారు. 2016లో ఫలితాలు వచ్చాయి. ఏడాది గడిచాక, ప్రేరణ ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ మధ్య మొత్తంమీద చెప్పుకోదగిన భేదం కనబడలేదు. కనుక అమ్మకు నేను చెప్పిన జవాబు, "చేయలేనమ్మా" అన్నదే. అమ్మ కోపగించుకోలేదు. "అయితే ఆయనకు ఏమి ఉన్నదో అది చెప్పు" అన్నది. ఎంత గొప్ప ప్రశ్న! పోయినదానిని గురించి ఆరేళ్ళు చదివిన నేను, ఉన్నదానిని గురించి అడగడం ఆమెనుండి నేర్చుకొన్నాను.

మరునాడు ఉదయం నాన్నగారి పక్కన కూర్చొని, "నాన్నా, పదమూడవ ఎక్కం నాకు సరిగా రాదు, ఒకసారి చెప్పండి" అన్నాను. ఆయన నిటారుగా కూర్చొని, చేతులు కట్టుకొని, ఎక్కడా తడబడకుండా చివరిదాకా చెప్పారు. ఆ తరువాత ఒక శతక పద్యం. ఆ తరువాత, ఈ పాఠశాల పాత పెంకుటిల్లు, వాననీళ్ళు కారే మూల, అందులో తన చోటు! ఎక్కాలు చదివితే వ్యాధి తగ్గదు. ఆ మాట నేను అనడం లేదు. కాని ఆ పది నిమిషాలు ఆయన రోగి కాదు. నాకు తెలియనిది తెలిసిన తండ్రి. అటువంటి పెద్దలు ఇంట ఉన్నవారికి నా విన్నపం ఒక్కటే. "పొద్దున ఏమి తిన్నావు, గుర్తు లేదా?" అని పదే పదే పరీక్షించకండి. అది దెబ్బతిన్న చేతితో బరువెత్తమనడమే. వారికి వచ్చిన పాఠాన్ని అడగండి.

తల్లిదండ్రులకు మరొక మాట. పిల్లల జ్ఞాపకశక్తిని పెంచుతామని మాత్రలు, లేహ్యాలు, తలకు పెట్టుకొనే యంత్రాలు అమ్మేవారు వస్తారు. మెదడు లోపల ఎలక్ట్రోడు పెట్టి, ఆసుపత్రిలో, నిపుణుల మధ్య చేసిన ప్రేరణే ఒకచోట పెంచి, మరొకచోట తగ్గించిందని ఇప్పుడే విన్నారు. ఆ డబ్బు దాచుకోండి. సరళమైన, ఖర్చులేని పద్ధతి ఒకటి ఉన్నది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని దానినే మళ్ళీ చదవమన్నారు. కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది వ్రాయమన్నారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారే ముందున్నారు: 81 శాతం, 75 శాతం. కాని వారం తరువాత లెక్క మారింది. మళ్ళీ చదివినవారికి 42 శాతం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకొన్నవారికి 56 శాతం.

మన అయ్యవార్లు దీనిని ఏ పత్రికలోనూ చదవలేదు. అప్పజెప్పించుకొన్నారు, అంతే. 'రేపు మళ్ళీ' అని వ్యవధి ఇవ్వడం కూడ శాస్త్రసమ్మతమే. ఒకేసారి పదిసార్లు చదవడంకంటె, రోజుల ఎడంతో గుర్తు తెచ్చుకొనడం మేలు. నడుమ నిండా నిద్రపోవడం అంతకంటె మేలు. అయితే అర్థం చెప్పకుండా అప్పజెప్పించుకొంటే అది ఎబ్బింగ్‌హౌస్ అక్షరసముదాయమే. పదింతల శ్రమ, నెలకు పోయే ఫలం. భయపెట్టి అప్పజెప్పించుకొంటే మిగిలేది భయం. అర్థం చెప్పి, వ్యవధి ఇచ్చి, తడబడినవాడికి మరునాటి అవకాశం ఇచ్చేవాడే ఉపాధ్యాయుడు.

పూర్వ విద్యార్థులైన మనకు చివరిగా ఒక మాట. ఈ సంచికలో ఒకే సంఘటనను ఇద్దరు రెండు విధాలుగా వ్రాసి ఉండవచ్చు. వేపచెట్టు కింద జరిగిందని ఒకరు, వరండాలో జరిగిందని మరొకరు. పోట్లాడుకోవద్దు. జ్ఞాపకం పిలిచిన ప్రతిసారీ కొంత కొత్తగా అల్లుకొంటుంది కనుక ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. హాజరుపట్టీలను, పాత ఛాయాచిత్రాలను భద్రపరచండి. తగవు అవి తీరుస్తాయి. ఈ తమిళ నేలమీద మన ఇళ్ళలో తెలుగు నిలిచినది పెట్టెలో దాచుకొన్నందువల్ల కాదు. తరతరానికీ పిల్లలచేత పలికించినందువల్ల. పలకని కణం మౌనమైపోతుంది. పలకని భాష కూడ అంతే. మన మనవలచేత రోజూ నాలుగు మాటలు పలికించడం ఏ ప్రభుత్వమూ మనకోసం చేయదు.

మా తెలుగు అయ్యవారు రెండవ వరుసలో కూర్చొని ఉన్నారు. నేను మొదలుపెట్టిన క్షణం నుండి ఆయన తల పంకిస్తున్నారు. అది మెప్పో, 'రేపు మళ్ళీ' అనడమో ఇక్కడనుండి తెలియడం లేదు. అయ్యవారూ, పుస్తకం మూసి, చేతులు కట్టుకొని, నాకు వచ్చినంత అప్పజెప్పాను. తప్పులుంటే రేపు మళ్ళీ వస్తాను.